పంతులుగారి పొద్దుటి పాఠం

చదువు ఎవడి సొత్తూ కాదని అందరూ అంటారు గానీ, వేదాద్రి పంతులుకు మాత్రం అక్షరాలు తన పెరట్లో కాసిన కాయలే. బడి వదలగానే పిల్లలు బుట్టలల్లే ఆదెమ్మ అరుగు మీదికి పరుగెత్తుతుంటే ఆయన కడుపు రగిలిపోయేది. తన బడికి ఈడ్చుకొస్తే గాని రాని వెధవలు అక్కడ నవ్వుతూ అక్షరాలు దిద్దుకుంటున్నారు.

ఓర్వలేక ఒక మధ్యాహ్నం పిల్లలందరినీ వెంటబెట్టుకుని రాజుగారి దగ్గరికి వెళ్లాడు. రాజు ఆదెమ్మనూ పిలిపించాడు.

“పగలు నేను చెప్పిందే సాయంత్రం ఇది మళ్లీ చెబుతోంది ప్రభూ. నా పాఠాలు దొంగిలిస్తోంది. దీని అరుగు మూయించండి,” అన్నాడు పంతులు.

“ఇవాళ్టి పాఠం ఇంకా నా అరుగు దాకా రాలేదు దొరా,” అంది ఆదెమ్మ. “పొద్దున బుట్టలమ్ముకుంటూ బడి ముందు నుంచి వెళ్తే చెవిన పడింది. అది ఆయన సొమ్మో నా సొమ్మో పిల్లల చేతే రాయించి చూడండి. ఆయనదైతే ఈ పూటే అరుగు మూసేస్తాను.”

“పొద్దున మీ పంతులుగారు ఏం చెప్పారో రాయండర్రా,” అన్నాడు రాజు.

పిల్లలు రాజుగారి ముంగిట్లోని ఇసుకలో వేళ్లు పెట్టారు. ఆ పొద్దున బడి మొదలైనప్పటి నుంచి పంతులు తిట్లలో ఒక్క పేరే వినిపించింది మరి. అందరూ ముత్యాల్లాంటి అక్షరాలతో “ఆదెమ్మ” అని రాశారు.

రాజు ఇసుక వంక చూసి, పంతులు వైపు తిరిగాడు.

“ఈవిడ పేరు మీరెందుకు దొంగిలించారు, పంతులుగారూ?”