ఎవరూ వంకపెట్టని పులిహోర

సింగరాచార్యులవారిని ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఒకనాడు పాఠం ముగిశాక, మా నలుగురు శిష్యుల్లో నోటి దురుసు ఎక్కువైన వరదయ్య అడిగాడు: "స్వామీ, పొరుగూరి పౌరాణికుడు పద్యం ఎత్తుకుంటే పిల్లలు జడుసుకుంటున్నారు. ఆయనకేమో తన గొంతులో తేనె ఊరుతుందని నమ్మకం. మనిషికి తన పనితనం తనకే ఎందుకు తెలియదంటారు?"

మేం పకపకా నవ్వాం. ఆయన నవ్వలేదు. తల వంచుకుని చెప్పడం మొదలుపెట్టారు.

"మీ వయసులో నేను గుడి వంటశాలలో వంటవాణ్ణి. తొమ్మిదేళ్ళు పులిహోర కలిపాను. నివేదన కాకముందు రుచి చూడకూడదు కదా. అయ్యాక భక్తులు దోసిట్లో పట్టి, కళ్ళకద్దుకుని, 'ఆహా, అమృతం!' అనేవారు. నేనూ అదే తినేవాణ్ణి. తినగా తినగా నా నాలుకకు అదే రుచైపోయింది. నా చేతిలో ఏదో మహత్తు ఉందని నమ్మేశాను.

"అప్పటికి మా నాన్న లేరు. చెల్లెలు ఆండాళు పెళ్ళికి పెద్దను నేనే. వంటవాళ్ళను మాట్లాడదామని మా ఆవిడ అంటే, 'నేనుండగా పరాయి చెయ్యి ఎందుకు?' అని కసిరాను. అంతా నేనే వండాను. మగపెళ్ళివారు పంక్తిలో కూర్చున్నారు. మొదటి ముద్దకే పెళ్ళికొడుకు మేనమామ మంచినీళ్ళు అడిగారు. రెండో ముద్ద ఎవరూ ఎత్తలేదు. మర్యాదస్తులు, పల్లెత్తు మాట అనలేదు. మజ్జిగ తాగి లేచి చేతులు కడుక్కున్నారు. విస్తళ్ళన్నీ నిండుగానే మిగిలాయి. అవి చూసి మా చెల్లెలు, 'అన్నయ్యా, ఇంక ఆ ఇంట్లో నేను తలెత్తుకు తిరిగేదెలా?' అని బావురుమంది.

"నా ఉక్రోషమంతా మా ఆవిడ మీదికి పోయింది. 'నా వంట ఇలా ఏడుస్తుందని ఒక్కనాడైనా చెప్పావా?' అన్నాను. ఆవిడ మెల్లగా, 'కాపురానికొచ్చి ఆరేళ్ళయింది. ఇంట్లో మిమ్మల్ని ఒక్కపూటైనా పొయ్యి దగ్గరికి రానిచ్చానా?' అంది.

"మర్నాడు గుడికి పోయి, రోజూ ప్రసాదానికి వచ్చే పేరిందేవమ్మను నిలదీశాను. 'ఎప్పుడూ ఉప్పు కషాయమే నాయనా. అయినా ప్రసాదానికి వంకపెడితే కళ్ళు పోవూ?' అంది ఆ ముసలమ్మ. ఇన్నేళ్ళయింది. చెల్లెలి ఏడుపు గుర్తొస్తే ఇవాళ్టికీ సిగ్గుతో చచ్చిపోతాను."

ఆయన ఉత్తరీయంతో కళ్ళొత్తుకున్నారు. పౌరాణికుణ్ణి ఎగతాళి చేసిన వరదయ్య నేల చూపులు చూస్తున్నాడు. పెద్దాయన మనసు కాస్త తేలికపరుద్దామనే అనుకోండి, నలుగురమూ ఒక్కసారే అన్నాం: "ఎంత గొప్పగా చెప్పారు స్వామీ! ఇలా చెప్పగలిగేవారు ఇంకొకరు లేరు!"

ఆచార్యులవారి ముఖం పాలిపోయింది. మా వైపు ఒకసారి చూసి, "చూశారా," అన్నారు, "మళ్ళీ మొదలుపెట్టారు."