కోచ్ అడిగిన బొటనవేలు

మంగళవారం లోపల కోల్బీ ఒక మాట చెప్పాలి. చెప్పడం తేలికే. కానీ ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. అందుకే ఆదివారం పొద్దున్నే లేచి, నాలుగు గంటలు కారు నడుపుకుంటూ తన పాత కోచ్ ఇంటికి వెళ్ళాడు.

కోల్బీ అమెరికాలో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. అక్కడివాళ్ళ ఫుట్‌బాల్‌లో కాలికి పని తక్కువ, చేతులకూ భుజాలకూ పని ఎక్కువ. ఆ పేరెందుకు పెట్టుకున్నారో వాళ్ళకే తెలియాలి. ఆ ఆటలో బలమున్నవాళ్ళు ఎదుటివాళ్ళను తోసి ఆపుతారు. వేగమున్నవాళ్ళు పరుగెత్తి బంతి పట్టుకుంటారు. ఈ రెండు పనులూ చెయ్యాల్సినవాణ్ణి టైట్ ఎండ్ అంటారు. పెళ్ళింట్లో వడ్డించడానికీ, ఎంగిలాకులెత్తడానికీ కూడా పిలిచే చుట్టం ఒకడుంటాడు చూడండి, అలాంటివాడు.

కోల్బీ టైట్ ఎండ్. అతని జట్టులో లెస్టర్ అని ఇంకో టైట్ ఎండ్ ఉన్నాడు. ఆరేళ్ళుగా ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఆడుతున్నారు. రానురాను కోల్బీ బంతులు పట్టేవాడయ్యాడు, లెస్టర్ తోసేవాడయ్యాడు. అలా పంచుకుందామని ఎవరూ అనలేదు. అలా జరిగిపోయింది, అంతే.

జనవరిలో పెద్ద ఆట జరిగింది. ఇంకా తొమ్మిది సెకన్లు ఉన్నాయనగా కోల్బీ మైదానం మూలకు పరుగెత్తి, గాల్లోకి లేచి, ఒంటిచేత్తో బంతి పట్టాడు. జట్టు గెలిచింది. ఆ పట్టును టీవీలో వారం రోజులు వేశారు. ఆ బంతిని శుభ్రంగా తుడిచి, దాని మీద తేదీ రాసి, జట్టువాళ్ళు కోల్బీకే ఇచ్చేశారు.

మార్చిలో మేనేజరు అతన్ని పిలిపించాడు.

"లెస్టర్‌కి ముప్పై నాలుగొచ్చాయి. ఆ పెద్దాటలో కూడా తను ఆపాల్సిన మనిషిని వదిలేశాడు. వాడొచ్చి, మన బంతి విసిరేవాణ్ణి పడగొట్టాడు, చూశావుగా. ఇరవై మూడేళ్ళవాడు ఒకడు దొరికాడు, చురుగ్గా ఉన్నాడు. నీ పక్కన ఎవరుండాలో నువ్వే చెప్పు. మంగళవారానికి తేల్చేద్దాం."

తనను ఇంతవాణ్ణి చేసి అడిగినందుకు కోల్బీకి లోపల సంతోషమే కలిగింది. కొత్తవాడే మేలని అప్పుడే అనిపించింది కూడా. కానీ లెస్టర్ మంచివాడు. మంచివాణ్ణి ఇంటికి పంపే మాట తన నోటి నుంచి రావడం అతనికి ఇష్టం లేదు. అదే మాట కోచ్ చేత అనిపిస్తే మనసు తేలికపడుతుందనుకున్నాడు. మనం పెద్దల దగ్గరికి సలహాకని వెళ్ళేది చాలాసార్లు ఇందుకే కదా.

ఖాళీ చేతులతో వెళ్ళడం బాగుండదని ఆ బంతిని కూడా తీసుకెళ్ళాడు. దారి పొడుగునా అది పక్క సీట్లోనే ఉంది.

కోచ్ పేరు ఆంబ్రోస్. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆయనా ఒకప్పుడు టైట్ ఎండే. తొమ్మిదేళ్ళు ఆడి, మొత్తం పదిహేడు బంతులు పట్టాడు. మిగతా కాలమంతా తోస్తూనే గడిపాడు. ఆ తోపుళ్ళలో రెండు మోకాళ్ళూ పోయాయి. కుడిచేతి చిటికెనవేలు వంకరపోయి మళ్ళీ సాగలేదు. ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా కోచ్‌గా చేసి, రెండేళ్ళ కిందటే మానేసి ఈ చిన్న ఊరు చేరాడు.

కోల్బీ వెళ్ళేసరికి ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని విత్తనం బంగాళాదుంపలు కోస్తున్నాడు. ఒక్కో దుంపనూ తిప్పి, మొలకొచ్చే కళ్ళు ఎక్కడున్నాయో చూసి, ప్రతి ముక్కకూ ఒక కన్నయినా ఉండేలా కోస్తున్నాడు.

"రా అబ్బాయ్. కాఫీ అక్కడుంది, పోసుకో."

కోల్బీ కాఫీ సంగతి మరిచిపోయి బంతి ముందుకు చాపాడు.

"ఇది మీకు, కోచ్."

ఆయన చేతులు తుడుచుకుని బంతి అందుకున్నాడు. తేదీ చదివాడు.

"నాకెందుకు?"

"మీరు లేకపోతే ఈ బంతి లేదు. మొదటేడు బంతులన్నీ జారవిడుస్తున్నానని నన్ను తీసేయబోతే మీరే అడ్డుపడ్డారు. రోజూ పొద్దున్నే అందరికంటే ముందొచ్చి నాకు నూరు బంతులు విసిరేవాళ్ళు. ఆ వేలు పెట్టుకుని! ఒక్కరోజు కూడా మానలేదు. నేను మరిచిపోలేదు, కోచ్. మరిచిపోను."

ఆ మాటల్లో వేషం ఏమీ లేదు. ముసలాయన కళ్ళు చెమర్చాయి. అయినా ఆయన బంతిని ఒళ్ళో పెట్టుకోలేదు, దుంపల బుట్ట పక్కన పెట్టాడు.

"సరే. వచ్చిన పని చెప్పు."

కోల్బీ చెప్పాడు. మేనేజరు అడిగింది, మంగళవారం గడువు, కొత్తవాడి చురుకు అన్నీ చెప్పాడు. చివర్లో కొంచెం నసిగాడు.

"లెస్టర్ మంచివాడే, కోచ్. కానీ ఆ రోజు అతని మనిషే తప్పించుకున్నాడు. ఏదో బంతి అప్పటికే చెయ్యి దాటింది కాబట్టి బతికిపోయాం. ఆ తర్వాతి సోమవారం ఆట ఫిల్మ్ వేసి తప్పులెంచేటప్పుడు అతనికి మైనస్ మార్కు వేశారు. తన తప్పేనని అతను కూడా ఒప్పుకున్నాడు."

"నువ్వూ ఉన్నావా అక్కడ?"

"అతని పక్క కుర్చీలోనే ఉన్నాను."

కోచ్ ఇంకో రెండు దుంపలు కోశాడు. తర్వాత కత్తి పక్కన పెట్టాడు.

"నాకేదైనా ఇవ్వాలనే ఉంటే, బంతి వద్దు. నీ బొటనవేలు ఇవ్వు."

కోల్బీ నవ్వాడు. కోచ్ నవ్వలేదు.

"కాసేపే. మళ్ళీ ఇచ్చేస్తాను."

ఆయన లేచి, మోకాళ్ళను తిట్టుకుంటూ లోపలికెళ్ళి లాప్‌టాప్ తెచ్చాడు. జట్టువాళ్ళు ఇప్పటికీ గౌరవం కొద్దీ ప్రతి ఆట ఫిల్మూ ఆయనకు పంపిస్తారు. అది టీవీలో వచ్చే బొమ్మ కాదు. టీవీవాళ్ళ కెమెరా బంతి వెనకాల పరుగెడుతుంది. ఇది కోచ్‌ల కోసం పైనుంచి తీసింది. శబ్దం ఉండదు, రెండు జట్లలోని ఇరవై ఇద్దరూ బొమ్మలో ఉంటారు.

ఆ చివరి తొమ్మిది సెకన్లు వచ్చాక ఆయన బొమ్మ ఆపాడు.

"నువ్వెక్కడున్నావు?"

"ఇదుగో, ఈ చివర. నా లోపలి పక్కన లెస్టర్."

"నీ మీద వేలు పెట్టు. నువ్వు కదిలితే వేలూ కదలాలి. నువ్వు నాకు కనపడకూడదు."

కోల్బీ బొటనవేలు పెట్టాడు. బొమ్మ కదిలింది. వేలు మైదానం వెంట జరుగుతూ మూలకు చేరింది. ఒంటిచేతి పట్టు వేలి కిందే అయిపోయింది.

"ఏం చూశావు?"

కోల్బీ ఆలోచించాడు. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"నా వేలు, కోచ్."

"మళ్ళీ."

రెండోసారీ అంతే. వేలితో దాచుకున్నా అతని కళ్ళు తన వెంటే పోతున్నాయి. ఆరేళ్ళ అలవాటు మరి. ఫిల్మ్ వేసే గదిలో ఆటగాళ్ళందరూ చేసేది అదే. లైట్లు ఆర్పగానే ఎవరి నంబరు వాళ్ళు వెతుక్కుంటారు.

"వేలు పోనీ. కళ్ళు మాత్రం నువ్వు బయల్దేరిన చోటే ఉంచు," అన్నాడు కోచ్.

మూడోసారి కోల్బీ అలాగే చూశాడు. తను నిలబడ్డ చోటు ఖాళీ అయింది. ఆ ఖాళీలోంచి అవతలి జట్టు భారీ మనిషి ఒకడు దూసుకొచ్చాడు. అతనికి అడ్డం ఎవరూ లేరు.

"వీణ్ణి ఎవరూ..." అని మొదలుపెట్టి కోల్బీ ఆగిపోయాడు.

ఎవరు ఎటు కదలాలో చెప్పే ఆ ఎత్తు ఏళ్ళ కిందట కోచ్ స్వయంగా గీసిందే. చివరనున్న టైట్ ఎండ్ ముందుగా అవతలి జట్టు బయటి మనిషిని భుజంతో గట్టిగా ఒక్క దెబ్బ కొట్టాలి. అతని వేగం తగ్గాక అప్పుడు బంతి కోసం పరుగెత్తాలి. ముందు దెబ్బ, తర్వాత పరుగు. కోచ్ దాన్ని వాళ్ళ చేత వెయ్యిసార్లు చేయించి ఉంటాడు.

ఆ రోజు కోల్బీ దెబ్బ కొట్టలేదు. తొమ్మిది సెకన్లే ఉన్నాయి, బంతి తనకే వస్తుందని తెలుసు, నేరుగా పరుగెత్తాడు. ఆ సంగతి తర్వాత ఎవరూ అడగలేదు. అంత గొప్ప పట్టు పట్టినవాణ్ణి ఎవరడుగుతారు? అతనూ మరిచిపోయాడు.

"మళ్ళీ వెయ్యండి, కోచ్," అన్నాడు ఈసారి అతనే.

ఇప్పుడు లెస్టర్‌ని చూశాడు. లెస్టర్ తన మనిషిని రెండు చేతులతో బిగించి పట్టాడు. ఉన్నట్టుండి తల పక్కకు తిప్పాడు, ఖాళీ చూశాడు. తన మనిషిని వదిలేసి బయటివాడి తొడలకు అడ్డంపడ్డాడు. ఇద్దరూ కిందపడ్డారు. లెస్టర్ వదిలిన మనిషి ముందుకెళ్ళి బంతి విసిరేవాణ్ణి గుద్దాడు. అప్పటికి బంతి చెయ్యి దాటి రెప్పపాటయింది.

ఆ రెప్పపాటు కాలం ఎక్కడినుంచి వచ్చిందో కోల్బీకి కనిపించింది.

కోచ్ బొమ్మ ఆపలేదు. జట్టంతా మూలకు పరుగెత్తి కోల్బీ బొటనవేలి మీద గుట్టగా పడ్డారు. ఇవతల లెస్టర్ మెల్లగా లేచాడు. కిందపడ్డ బంతి విసిరేవాడికి చెయ్యందించి లేపాడు. తర్వాత కుంటుకుంటూ మూలకొచ్చి, గుట్ట అంచున నిలబడి, అందిన వీపునల్లా సంతోషంగా తట్టాడు.

కోల్బీ వేలు తీయడం మరిచిపోయాడు. కళ్ళు తుడుచుకోవాలనీ తోచలేదు.

"ఆ మైనస్ నాది," అన్నాడు. "పక్క కుర్చీలో కూర్చుని చూస్తూ ఊరుకున్నాను."

"ఏం చూస్తూ?"

"నన్ను."

కోచ్ మళ్ళీ కత్తి అందుకున్నాడు.

"అతనెందుకు చెప్పలేదు, కోచ్? ఒక్క మాట అంటే సరిపోయేదిగా. ఇప్పుడు అతని ఉద్యోగమే పోబోతోంది."

ఆయన ఒక దుంప తీసి, కళ్ళ కోసం తిప్పి చూస్తున్నాడు.

కోల్బీ ఫోన్ తీసి అక్కడి నుంచే మేనేజరుకి చేశాడు.

"నా పక్కన ఎవరుండాలని అడిగారుగా. అతని పక్కన నేనుంటాను. లెస్టర్‌ని ఉంచండి. పెద్దాటలో అతనికి వేసిన మైనస్ నా పేరు మీద వేసుకోండి. చివరనుంచి ఖాళీగా వచ్చినవాడు నా మనిషి. నేను కొట్టకుండా పోయాను. ఫిల్మ్ మళ్ళీ చూడండి, నన్ను వదిలేసి చూడండి."

అవతల మేనేజరు లెక్క వేసుకున్నాడు.

"లెస్టర్ వయసు తగ్గదుగా. తోసే పని సగం నువ్వు నెత్తినేసుకుంటావా? నీకొచ్చే బంతులు తగ్గుతాయి మరి."

"తగ్గనివ్వండి."

"అయితే అతను ఉంటాడు," అన్నాడు మేనేజరు.

ఫోన్ పెట్టేశాక కోల్బీ ప్రాణం తేలికపడింది. పొద్దున ఏ మాట చెప్పి బరువు దించుకుందామని వచ్చాడో దానికి సరిగ్గా ఎదురు మాట చెప్పి దించుకున్నాడు. గిన్నెలోని కాఫీ పోసుకుని, చల్లారిపోయినా ఇష్టంగా తాగాడు. కోచ్‌తో కలిసి బుట్టలో మిగిలిన దుంపలన్నీ కోశాడు. కన్ను లేకుండా కోసిన రెండు ముక్కలకు తిట్లు కూడా తిన్నాడు. ఆ తిట్లు మొదటేడు తిన్నవాటిలాగే ఉన్నాయి. వాటికీ మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

బయల్దేరబోతుంటే కోచ్ బంతి తెచ్చి అతని చేతుల్లో పెట్టాడు. ఎవరికివ్వాలో చెప్పలేదు. చెప్పే అవసరమూ లేదు.

"వాళ్ళ ఇల్లు తెలుసా?"

కోల్బీ తెలుసనబోయాడు. ఆరేళ్ళు భుజం భుజం ఆనించి నిలబడిన మనిషి. ఇల్లెక్కడో తెలియదు. ఏ ఊరి వైపో కూడా తెలియదు. ఒక్కసారి కూడా అడగలేదు.

గుమ్మంలో నిలబడే లెస్టర్‌కి ఫోన్ చేశాడు.

"లెస్టర్, మీ ఇల్లెక్కడ?"

"ఎందుకు? ఏమైంది? అంతా బాగానే ఉందా?" లెస్టర్ గొంతులో కంగారు.

"బాగానే ఉంది. చాలా బాగుంది. అడ్రసు చెప్పు, వస్తున్నాను."

లెస్టర్ వీధి పేరు, ఇంటి నంబరు, మలుపు దగ్గర ఆకుపచ్చ తలుపు, అన్నీ నిదానంగా చెప్పసాగాడు. కోల్బీ రాసుకోవడానికి అటూ ఇటూ చూశాడు. కోచ్ జేబులోంచి పెన్ను తీసి అందించాడు. కాగితం మాత్రం ఇవ్వలేదు.

కోల్బీ ఆయన వంక చూశాడు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య బిగించి, బంతిని మోకాలి మీద తిప్పి పెట్టుకుని, తేదీ కింద ఆ అడ్రసు రాశాడు.