మొసలి మూతి దగ్గర బంతి

ఉదయం ఆరు గంటలు. ఆకాశం తేటగా ఉంది. గాలి లేదు.

పిల్లలూ, అనగనగా అడవులు చాలానే ఉన్నాయి గానీ గోల్ఫ్ క్లబ్బున్న అడవి ఇదొక్కటే. అక్కడ గడ్డి పెంచేది తినడానికి కాదు, చూసి మురవడానికి. ఎవరైనా మేశారో, సభ్యత్వం ఊడిపోతుంది. నాగరికత అంటే అదన్నమాట.

ఆ క్లబ్బులో కొత్తగా చేరింది తాయారు అనే కుందేలు. ముగ్గురు పిల్లల తల్లి. ఆ రోజే ఆమె మొదటి పోటీ. కర్రతో బంతిని కొట్టి గుంటలో వెయ్యాలి. ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. అమ్మ గొప్పతనం చూద్దామని పిల్లలు ముగ్గురూ వెంట వచ్చారు.

ఆమెతో ఆడేవాళ్ళు ఇద్దరు. ఒకరు పరాంకుశం అనే నక్క, క్లబ్బు కెప్టెన్. ఇంకొకరు విలాసరావు అనే నెమలి. ఆయన ఆడేది తక్కువ, తోక సర్దుకునేది ఎక్కువ.

మొదటి గుంట దగ్గర తాయారు కర్ర ఊపి కొట్టింది. బంతి కదల్లేదు. మట్టి లేచి నెమలి తోక మీద పడింది.

"మొదట్లో అందరూ వ్యవసాయమే చేస్తారమ్మా," అన్నాడు నెమలి.

రెండో గుంట దగ్గర ఆమె బంతి రాయికి తగిలి, ఎగిరి, ఒక్క దెబ్బకే గుంటలో పడింది. నక్క ముఖం మాడింది. ఇప్పుడు ఆమెదీ నక్కదీ లెక్క సమానం.

మూడోది, ఆఖరిది, చెరువు గట్టు కింద. అప్పటికి ఎండెక్కింది. తాయారు బంతి పల్లంలోకి దొర్లి, ఒక మొసలి మూతికి జానెడు దూరంలో ఆగింది. నక్క బంతి కూడా పోయి దాని పక్కనే కూర్చుంది. మొసలి నోరు బార్లా తెరుచుకుని ఎండ కాగుతోంది.

"అన్నా, ఇంకో బంతి ఇవతల పెట్టుకోవచ్చా?" అని నక్కని అడిగింది తాయారు.

"నిక్షేపంలా పెట్టుకో చెల్లెమ్మా. నీ లెక్కలో ఒక దెబ్బ ఎక్కువ రాస్తాను. పన్నెండేళ్ళలో నేనైతే ఒక్కసారీ రాయించుకోలేదు."

"అది కాదన్నా, అక్కడ మొసలి..."

"మొసలి కూడా మైదానం కిందే లెక్క. రూల్ పుస్తకంలో ఉంది."

మొసలి కళ్ళు మూసుకునే అంది, "నా కోసం ఆట ఆపకండి. కళ్ళు కూడా తెరవను. ఒట్టు."

"విన్నావా? ఎంత మర్యాదో!" అన్నాడు నెమలి గట్టు మీంచి. "పరవాలేదు, వెళ్ళమ్మా. మొదటి పోటీలోనే జంకితే నలుగురూ ఏమనుకుంటారు?"

నిజమే. నలుగురూ ఏమనుకుంటారు! తాయారు రెండడుగులు వేసింది. మూడోది కూడా వేసేదే.

"అమ్మా, నేను బంతి పట్టుకుంటా, నువ్వు కొట్టు!" అంటూ చిన్నది ఆమె పక్కనుంచి దూసుకుపోయింది.

తాయారు కర్ర పారేసింది. ఒక్క గెంతులో చిన్నదాని చెవులు దొరకబుచ్చుకుని గట్టు మీదికి ఈడ్చుకొచ్చింది.

"రాసుకో అన్నా. ఒకటి కాదు, పది రాసుకో."

"పాపం, పిరికి ప్రాణం," అని నెమలి నిట్టూర్చాడు.

"ఆటంటే ఏమిటో చూద్దువు గాని, ఉండు," అని నక్క తోక ఎగరేసి దిగాడు.

"వద్దన్నా, నా మాట విను!"

"పరవాలేదు, వెళ్ళండి కెప్టెన్ గారూ!" అన్నాడు నెమలి. గట్టు మీంచే.

నక్క కర్ర ఎత్తాడు.

మొసలి మాట తప్పలేదు. కళ్ళు తెరవలేదు. నోరు మూసింది, అంతే.

సాయంత్రం కమిటీ కూర్చుంది. పరాంకుశం లెక్కలో ఒక్క అదనపు దెబ్బ కూడా లేదు గనుక కప్పు ఆయనదే అని తీర్మానించింది. ఆట కోసం ప్రాణమిచ్చాడని నెమలి అరగంట మాట్లాడాడు. కప్పు అందుకోమని పేరు మూడుసార్లు పిలిచారు. ఎవరూ రాలేదు.

తాయారు ఆ సభకు పోలేదు. బొరియ వాకిట్లో పిల్లల్ని నిలబెట్టి లెక్కపెట్టింది. పెద్దాడు, నడిపిది, చిన్నది. నమ్మకం చాలక మళ్ళీ పెట్టింది. ముగ్గురూ ఉన్నారు. తన గుండె మీద చెయ్యి వేసుకుని, "నాలుగు," అంది.

నీతి: "పరవాలేదు, వెళ్ళు" అని ధైర్యం చెప్పేవాళ్ళు ఎక్కడ నిలబడి చెబుతున్నారో ముందు చూసుకోవాలి.