సుఖమే ఓహోం

అనగనగా ఒక ఊళ్ళో... ఊళ్ళో ఎక్కడుంటాడూ, ఎప్పుడూ దారిలోనే, పల్లకీలోనే. అలాంటి గుమ్మడిరాజొకడు. పేరుకు తగ్గ మనిషే. మోసేది నలుగురు బోయీలు. ముందు ఎర్రెంకడు, వెనక వాడి తమ్ముడు సింహాద్రి, ఇంకో ఇద్దరు. పల్లకీ అడ్డమై వెనకవాళ్ళకి దారి కనపడదు కదా, అందుకని ఎర్రెంకడు పాటలోనే చెప్పేవాడు: రాయుంది ఓహోం, తప్పుకో ఓహోం, గొయ్యుంది ఓహోం, జరుగు ఓహోం. సింహాద్రేమో, భుజం లాగె ఓహోం, మార్చుకుందాం ఓహోం అనేవాడు. ఊ కొడుతున్నావా పండూ, గోడమీద బల్లితో కబుర్లాడుతున్నావా?

రాజు మంచివాడేరా. నా బోయీలకి ఇంత దిగులు పాటలేమిటని బాధపడి, తలో పట్టు తలపాగా ఇచ్చాడు, పూటకో లడ్డు పెట్టించాడు. ఇక రాయి, గొయ్యి, నొప్పి అన్న మాట వినపడకూడదు, సుఖమైన పాటే పాడాలి, లేదంటే పని పోతుందని హుకుం వేశాడు. సింహాద్రి భుజం వాచి బత్తాయంత అయింది. పని పోతే ఇంట్లో పిల్లలేం తింటారు? లడ్డు మింగి, సుఖమే ఓహోం, సంబరమే ఓహోం అని పాడాడు.

ఒకరోజు కాలవగట్టు మీద గొయ్యొచ్చింది. ఎర్రెంకడు చూశాడు, హుకుం గుర్తొచ్చింది. సుఖమే ఓహోం అంటూ తను పక్కకి జరిగాడు. సింహాద్రి నేరుగా ఆ సుఖంలోనే కాలు పెట్టాడు. పల్లకీ బోర్లా, రాజు బురదలో... నవ్వకండర్రా, పక్కింటాళ్ళు లేస్తారు.

రాజు లేచి, సింహాద్రిని పనిలోంచి తీసేస్తున్నానన్నాడు. పల్లకీ ఎక్కితే కళ్ళు తిరుగుతాయని నడిచొస్తున్న కోడలు మాణిక్యం, ఒక్కసారి మీరు కళ్ళు మూసుకుని నడవండి, దారి నేను పాడతానంది. సరేనన్నాడు. సుఖమే మావగారూ ఓహోం, సంబరమే ఓహోం... రాజు బొటనవేలు పోయి రాయికి తగిలింది.

"రాయుందని చెప్పొద్దా అమ్మాయ్?"

"చెప్పొద్దని మీరే కదా అన్నారు మావగారూ."

రాజు మళ్ళీ బురదలోనే కూర్చున్నాడు. కాసేపటికి సింహాద్రిని పిలిచి, ఎక్కడరా నొప్పి అనడిగాడు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. వాడు తలపాగా విప్పి మడత పెట్టాడు.

"మెత్తగానే ఉంది దొరా. తలకి కాదు, భుజానికి కావాలి."

ఆ పూటే ఇంకో నలుగురిని పెట్టారు, మార్చి మార్చి మొయ్యడానికి. సింహాద్రికి నయమయ్యేదాకా కూర్చోబెట్టి జీతమిచ్చారు. పాట మళ్ళీ పాతదే, ఒక ముక్క మాత్రం కలిసింది: ఎత్తొచ్చింది ఓహోం, దిగండి దొరా ఓహోం. రాజు దిగేవాడు. నడిచి నడిచి గుమ్మడికాయ పొట్లకాయైంది.

రేపు నీ చేతికింద నలుగురుంటే లడ్డు పెట్టు, వద్దన్లేదు. ముందు ఎక్కడ నొప్పో అడుగు. కథ కంచికి నడిచే వెళ్ళింది. మనకీ పల్లకీ లేదు, దుప్పట్లో దూరండి.