తీగ తెగితే వచ్చేదెవరు

వరదాయమ్మను ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆమె దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి అనుభవమే. ముప్ఫై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరైన ఆ పెద్దామె, ఇప్పుడు ప్రొద్దుటూరులో తన ఇంట్లోనే ఆదివారాలు వాదవిద్య నేర్పుతుంది. సత్యమంటే ఏమిటమ్మా అని అడిగినాయన ఆమె పుస్తకాల బీరువా సర్దాల్సి వచ్చింది. న్యాయం ఎప్పటికైనా గెలుస్తుందా అని అడిగిన లాయరు, కారే కుళాయి బాగుచేసే మనిషి కోసం నాలుగు వీధులు తిరిగాడు. పని ముగిసేసరికి కొందరికి జవాబు దొరికేది. దొరకని వాళ్ళకు కనీసం బీరువా సర్దడం వచ్చేది.

ఆ గురువారం పొద్దున చౌడేశ్వరి చెప్పులు విడవకముందే అడిగేసింది.

"అమ్మా, నాకు అహంకారమా?"

వరదాయమ్మ వేరుశెనక్కాయలు ఒలుస్తున్న చేతులు ఆపకుండానే కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఎవురన్నారు?"

"పోటీ కమిటీ వాళ్ళు. వేదిక మీదనే అన్నారు."

చౌడేశ్వరి లా ఆఖరు సంవత్సరం చదువుతున్న నేతగాళ్ళ పిల్ల. ఇంట్లో రెండు మగ్గాలు ఆడుతుంటే వాటి చప్పుడు మీద గొంతు లేపి మాట్లాడటం ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు. మొన్న కడపలో జరిగిన జిల్లా వాదపోటీలో మొదటి బహుమతి ఆమెదే. మైకిచ్చి ఒక మాట చెప్పమంటే, "ఈ గెలుపు నాది, మూడు నెలలు కూర్చుని చదివి సంపాదించుకున్నాను" అంది. పెద్దల ఆశీస్సులనీ, కమిటీ వారి ప్రోత్సాహమనీ మిగతావాళ్ళు అప్పజెప్పిన పాఠం ఆమె అప్పజెప్పలేదు. వేదిక మీద మొహాలు మాడిపోయాయి. మగపిల్లలు అదే మాట అంటే ఆత్మవిశ్వాసం అని చప్పట్లు కొట్టే చేతులవి. మూడో రోజుకల్లా కబురొచ్చింది: అహంకారంతో మాట్లాడినందుకు క్షమించమని శనివారం సాయంత్రంలోగా రాసి పంపితే తిరుపతిలో జరిగే రాష్ట్ర పోటీ జాబితాలో పేరు ఉంటుంది, లేకుంటే లేదు. ఆమె ఉత్తరం రాసుకునే వచ్చింది. ఫోనులో ఉంది. పంపడమే మిగిలింది.

గురువుకు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. పోటీలో ఎదుటి పక్షాన వాదించిన రాయచోటి అమ్మాయి నోరు మూయించింది చౌడేశ్వరి చెప్పిన ఒక కోర్టు తీర్పు. ఆ తీర్పు వినగానే ఆ పిల్ల తడబడి కూర్చుంది. ఇంటికొచ్చి గెలిచిన వాదాన్ని ముచ్చటగా మళ్ళీ చదువుకుంటుంటే తెలిసింది, ఆ తీర్పును పైకోర్టు ఎప్పుడో కొట్టేసిందని. ఆ తప్పును న్యాయనిర్ణేతలు పట్టుకోలేదు. ఇక ఎవరూ పట్టుకోరు కూడా. అయినా ఆ రోజు నుంచీ చౌడేశ్వరికి ముద్ద మింగుడుపడటం లేదు.

వరదాయమ్మ చెప్పినంతా విని ఒలిచిన గింజలు చేటలోకి దులిపింది. "బద్వేలు నుంచి, మైదుకూరు నుంచి రాలేమనేవాళ్ళు నలభై మంది ఉన్నారు. ఈ ఆదివారం నుంచి వాళ్ళకు కంప్యూటర్లో క్లాసు చెప్తామంటిమి. ఈ ఇంటికి ఇంటర్నెట్టే లేదు. ఎవరి లైను పెట్టించాల్నో, ఏ మోడెమ్ తెప్పించాల్నో నువ్వు తేల్చు."

"అమ్మా, నేను అడిగింది వేరే..."

"విన్నాలే. చెవుడు ఇంకా రాలేదు."

చౌడేశ్వరి ఏ పనైనా సగం చేసే మనిషి కాదు. ఆ సాయంత్రానికి పట్టిక గీసింది. స్పీడుకు ఒక గడి, మోడెమ్‌కు ఒక గడి, కంపెనీ పేరుకు ఒక గడి, ఇరుగుపొరుగు చెప్పిన ఫిర్యాదులకు ఒక గడి. లైను ఇచ్చే కంపెనీల వాళ్ళను ముగ్గుర్ని శుక్రవారం పొద్దున రమ్మని పిలిచింది. వాళ్ళు మాట్లాడుతుంటే తను న్యాయనిర్ణేతలాగా మార్కులు వేయాలని కుర్చీ వేసుకుని కూర్చుంది. గురువు పక్కనే చేటతో నేల మీద కూర్చుంది.

మొదట వచ్చింది నీలం చొక్కా తొడుక్కున్న ఒక పెద్ద కంపెనీ మనిషి. మూడు వందల స్పీడన్నాడు, మోడెమ్ ఫ్రీ అన్నాడు, దానికి నాలుగు యాంటెన్నాలన్నాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు వరదాయమ్మ అడిగింది.

"నాయనా, గాలివానకు తీగ తెగితే ఎవరొస్తారు?"

"టోల్‌ఫ్రీకి చేస్తే టికెట్ రైజ్ అవుతుందమ్మా."

"టికెట్టొచ్చి అతికిస్తుందా?"

"కాదమ్మా, టీమ్ వస్తుంది."

"టీమంటే నువ్వేనా?"

"నేను సేల్సమ్మా. అది వేరే డిపార్ట్‌మెంటు. అంతా సిస్టమే చూసుకుంటుంది, మీకేం దిగుల్లేదు."

వరదాయమ్మ అతని చేతిలో గుప్పెడు గింజలు పోసి పంపించింది.

రెండో ఆయన ఇస్త్రీ మడత నలగని చొక్కాతో, చేతిలో టాబ్‌తో వచ్చాడు. గురువు అదే ప్రశ్న వేసింది. ఆయన నవ్వాడు. "మా లైను తెగడమనేది ఉండదు మేడమ్. ఎప్పుడైనా అంతరాయం కలిగిందంటే అది మా వల్ల కాదు. స్తంభం కరెంటోళ్ళది, తవ్వే రోడ్డు మున్సిపాలిటీది, తీగ కొరికే కోతి ఆంజనేయస్వామిది. వీటిలో ఏదీ మా చేతిలో లేదు కదా!" చౌడేశ్వరికి ముచ్చటేసింది. నలగని చొక్కాలాగే మాటకూ మచ్చ లేదు. ఎటు నుంచి కొట్టినా తగలకుండా నిలబడ్డాడు. ఇలాంటివాడు ఎదుటి జట్టులో ఉంటే తనకు కూడా చెమటలు పట్టేవి. అందరికన్నా ఎక్కువ మార్కులు ఆయనకే వేసింది.

మూడో మనిషి స్కూటీకి నిచ్చెన కట్టుకుని వచ్చింది. ఊళ్ళో కేబుల్ నడిపే చిన్న సంస్థలో తీగలు లాగేదీ, అతికేదీ ఆమే. పేరు ఖైరున్నీసా. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. వచ్చీ రాగానే ప్లాన్ల ఊసెత్తలేదు. చున్నీ నడుముకు బిగించి, గది గదికీ పోయి గోడలు తట్టి చూసింది.

"మట్టిగోడలు. మూరెడు మందం ఉండాయి," అంది బయటికొచ్చి. "అమ్మా, మీరు ఇంటర్నెట్లో వినేది ఎక్కువా, చెప్పేది ఎక్కువా?"

వరదాయమ్మ చేతులు మొదటిసారి ఆగాయి. "చెప్పేదే ఎక్కువమ్మా. పుట్టినప్పటి నుంచీ అంతే."

"అయితే వచ్చే స్పీడు కాదు మీకు కావాల్సింది, పోయే స్పీడు. మీ బొమ్మ, మీ మాట బయటికి పోవాల గదా. దాన్ని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. రాకపోకలు రెండూ సమానంగా ఉండే ప్లాను చిన్నదైనా చాలు."

ఈ గడి తన పట్టికలో లేదని చౌడేశ్వరికి తెలిసింది. రోషంగా అందుకుంది. "మరి మోడెమ్? అవతలివాళ్ళు నాలుగు యాంటెన్నాలది ఇస్తామన్నారు."

"కొమ్ములు లెక్కబెట్టి ఎద్దును కొంటారా పాపా? రెండు బ్యాండ్లుండే మామూలుది చాలు. పెట్టే తావు ముఖ్యం. అందంగా ఉంటుందని దాన్ని తీసుకపోయి ముందు గదిలో మీ బహుమతి షీల్డుల మధ్య అద్దాల బీరువాలో దాచిపెట్టొద్దు. ఇదో, ఈ నడవలో మధ్య గోడకు కొడతా. మూడు గదులకూ వాకిళ్ళు ఇటే ఉండాయి."

చౌడేశ్వరి ఇక ఆఖరి అస్త్రం తీసింది. ఇది ఆమె ముందుగానే సేకరించి పెట్టుకున్నది. "వెనక వీధి పుల్లమ్మ గారింట్లో మీ లైను రెండు రోజులు పడిపోయిందంట కదండీ?"

అని, ఎదుటి మనిషి మొహంలోకి చూస్తూ కాచుకుంది. కరెంటోళ్ళు అంటుందా, కోతి అంటుందా? ఏది అన్నా దానికి జవాబు సిద్ధంగా ఉంది.

"పడిపోయింది. నేనే చెడగొట్టినా," అంది ఖైరున్నీసా.

చౌడేశ్వరి పట్టికలో ఆమె పేరు ముందు ఇంకో ఇంటూ గుర్తు పెట్టింది.

"కొత్తగా సున్నం కొట్టిన గోడ, తీగ కంటికి కనపడకూడదు అనింది ఆయమ్మ. సరేలే, చక్కగా ఉంటుందని మూలకు ఒత్తి మడిచి మేకు కొట్టినా. లోపల ఉండేది వెంట్రుకంత గాజు పోగు పాపా. మడతను తీగ ఓర్చుకుంటుంది, లోపల పోయే వెలుతురు ఓర్చుకోదు. బయట తీగ బాగానే కనపడుతుంది, లోపల ఇంటర్నెట్ ఉండదు. యాడ పోయిందో కనుక్కునేసరికి రెండు రోజులు పట్టె. నా తెలివితక్కువే అది. మళ్ళా నేనే పోయి మేకులు పీకి, గుండ్రంగా తిప్పి వేసినా." అంటూనే ఆమె మొహం వెలిగింది. "పోయి చూడు పో ఆ మలుపు ఇప్పుడు! ఈ ఊర్లో అట్లాంటి మలుపు ఇంకొకరు వేసినారంటే నిచ్చెన అమ్ముకుంటా."

వరదాయమ్మ తన ప్రశ్న అడిగింది. "వానకు తెగితే ఎవరొస్తారమ్మా?"

"ఇంకెవురొస్తారు? నేనే వస్తా. ఇదో నా నంబరు రాసుకోండి. కానీ వాన పడేటప్పుడు నిచ్చెన ఎక్కను. ముందే చెప్తాండా, తర్వాత అరవొద్దు."

ఆమె వెళ్ళాక గురువు చేట పక్కన పెట్టింది. "తేల్చు."

చౌడేశ్వరి పట్టిక వంక చాలాసేపు చూసింది. లెక్క ప్రకారం రెండో ఆయనదే గెలుపు. ఖైరున్నీసా పేరు ముందు ఉన్నవన్నీ ఇంటూ గుర్తులే. చిన్న సంస్థ, పేరు లేదు, తప్పు తన నోటితోనే ఒప్పుకుంది. వాదపోటీలో అయితే ఆ ఒక్క మాటతో అయిపోయేది.

"ఈమెకే ఇద్దామమ్మా," అంది.

"మార్కులు ఆయనకే ఎక్కువ వచ్చినట్టుండాయే?"

"ఆయన లైను తెగితే ఆయన వాదంలో గెలుస్తాడమ్మా. ఈమె లైను తెగితే ఈమె వస్తుంది."

వరదాయమ్మ చేట అందుకుంది. పొట్టు చెరగడానికి లేచి పెరట్లోకి వెళ్ళింది.

శనివారం మధ్యాహ్నం ఖైరున్నీసా స్తంభం నుంచి తీగ లాగి నడవలోకి తెచ్చింది. మూల దగ్గర తొందరపడకుండా చేతి కంకణమంత గుండ్రంగా తిప్పింది. తర్వాత నేల మీద గుడ్డ పరిచి, పోగు మీది పొర ఒలిచి, తుడిచి, కొస కోసి, చిన్న మిషన్‌లో రెండు కొసలూ ఎదురెదురుగా పెట్టి మూత వేసింది. లోపల ఆవగింజంత మెరుపు మెరిసింది. అతుకు దగ్గర ఎంత వెలుతురు పోతున్నదో చెప్పే అంకె మిషన్ తెర మీద పడింది. సున్నా. ఆమె ఆ తెరను వాళ్ళిద్దరి వైపూ తిప్పి పట్టుకుంది, తల్లి బిడ్డను చూపించినట్టు.

"చూడండి. ఏమీ పోలేదు. ఎవురు వేసినారు? నేను వేసినా."

ఆ "నేను" చౌడేశ్వరి చెవికి గుచ్చుకోలేదు. అందులో ఆమెకు పొగరు వినిపించలేదు. రేపు తెగితే నిచ్చెన వేసుకుని రావాల్సిన మనిషి ఎవరో వినిపించింది. మొన్న మైకులో తను అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాటకు సిగ్గు వేయలేదు. ఆ మాటలో సగం మింగేసినందుకు వేసింది.

మోడెమ్ మీద దీపాలు ఒక్కొక్కటే పచ్చగా నిలిచాయి. "ఏదైనా పంపు పాపా, పోతుందో లేదో చూద్దాం," అంది ఖైరున్నీసా.

చౌడేశ్వరి ఫోను తీసింది. దాంట్లో ఉన్న క్షమాపణ ఉత్తరం మొత్తం చెరిపేసింది. గోడకు ఆనుకుని నిలబడి కొత్తది రాసింది. రాసి, పంపకముందు పైకి చదివింది, మగ్గాల మీద మాట్లాడినట్టు గట్టిగా.

"కమిటీ పెద్దలకు. ఈ గెలుపు నాది అన్నాను. చదువు నాది కాబట్టి ఇప్పుడూ అంటున్నాను. అందుకు క్షమాపణ చెప్పను. ఆ రోజు నేను చెప్పిన తీర్పును పైకోర్టు కొట్టేసింది. చూసుకోకుండా చెప్పింది నేను. ఆ తప్పు కూడా నాదే. అందుకు రాయచోటి అమ్మాయినీ, మిమ్మల్నీ క్షమించమని అడుగుతున్నాను. బహుమతి వెనక్కి ఇమ్మంటే ఇస్తాను. పోటీ మళ్ళీ పెడితే మళ్ళీ వచ్చి గెలుస్తాను. చౌడేశ్వరి."



"తీర్పు సంగతి నాకు కూడా చెప్పలేదే," అంది వరదాయమ్మ.

"ఎవరికీ చెప్పలేదమ్మా."

"తిరుపతి పోతుందేమో."

"పోనీండమ్మా." తల దించకుండానే అంది. బొటనవేలితో నొక్కింది. ఉత్తరం రెప్పపాటులో వెళ్ళిపోయింది.

"పోయిందా?" అడిగింది ఖైరున్నీసా, సామాను సర్దుకుంటూ.

"పోయిందక్కా."

"పోక? అతుకు ఎవరిదనుకుంటివి!"

ఆమె స్కూటీ వీధి మలుపు తిరిగిన అరగంటకు జవాబు వచ్చింది. చౌడేశ్వరి ఒకసారి చదివి, ఫోను గురువు చేతికిచ్చింది. "తమ లేఖ చేరినది. విషయము పరిశీలించి తగు నిర్ణయము తీసుకొనబడును. ఇట్లు, కమిటీ." వరదాయమ్మ ఫోనును చెయ్యి చాచినంత దూరం పట్టుకుని చదివింది. ఇంకా కింద ఏమైనా ఉందేమోనని వేలితో పైకి జరిపింది. మళ్ళీ జరిపింది. తెల్లటి తెర తప్ప ఏమీ లేదు.

"ఒక్కరన్నా పేరు పెట్టుకోలేదు చూడు," అంది. "ఎంత అణకువో!"