నలభై దగ్గులు, ఒక్క గొంతు

ఒట్టు, ఇందులో ఒక్క పొల్లు మాట లేదు. ఉంటే నాకు మిగిలిన రెండు పళ్ళూ ఇప్పుడే ఊడి ఒళ్ళో పడాలి.

మా అడవిలో ఆకాశానికి చిల్లు పెట్టేంత ఎత్తైన కొండ ఉండేది. దాని గుహలో గుబురమ్మ అనే ఎలుగుబంటి. ఏడు లోకాల మందులూ ఆవిడ దగ్గరే. కానీ తనంతట తాను ఎవరికీ పంపదు. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా! కావలసినవాళ్ళు గోరింకతో కబురంపాలి: ఎవరు, ఏ బొరియ, ఏం కావాలి. కబుర్లు వచ్చిన వరుసలోనే గుబురమ్మ మందు కట్టి, అదే గోరింకతో ఆ బొరియకే పంపేది. ఇప్పుడు అడిగే కంప్యూటరుని క్లయింటనీ, ఇచ్చేదాన్ని సర్వరనీ గొప్పగా చెప్పుకుంటారే, ఆ పద్ధతి మా గుహలోంచి కొట్టేసిందే.

ఒకరోజు కుందేలు చెవులక్క పిల్లకి జ్వరం వచ్చింది. ఆ ఒంటి మీద పేలాలు వేయించుకోవచ్చు, అంత వేడి! గోరింక రివ్వున ఎగిరింది.

"గుబురమ్మత్తా, నేలవేము కావాలి, తొందరగా!"

"వరుసలో ఉండమ్మా. నీ ముందు నలభై మంది. అందరికీ దగ్గేనట, అందరికీ తేనే కావాలట."

ఆ నలభై మందీ ఎవరనుకున్నావు? ఒక్క నక్క తోకయ్య! వాగు గట్టున ఖాళీ బొరియలన్నిటి పేరా కబుర్లంపి, తేనె కోసం నోరూరిస్తూ కూర్చున్నాడు.

చెవులక్క రెండోసారి పంపింది, మూడోసారి పంపింది. మందు రాలేదు. పిల్ల చెవులు వాలిపోయాయి.

"కళ్ళు తెరవడం లేదత్తా," అంది గోరింక.

"నా గుండె తరుక్కుపోతోందే. కానీ వరుస తప్పితే రేపటినుంచి గట్టిగా అరిచినవాడిదే మందు." అంటూనే గుబురమ్మ తేనె గరిటె గాల్లో ఆపింది. "ఉండు. ఈ నలభై బొరియలూ వాగు గట్టువే, వాగేమో కూతవేటు దూరం. నలభై మంది దగ్గుతుంటే ఒక్క ఖళ్ళూ వినపడదేం?"

వెంటనే అన్ని గోరింకల్నీ ఖాళీ ముక్కులతో వెనక్కి తోలింది. "అడిగింది మీరేనా అని అడగండి. ఆ బొరియలోంచి 'నేనే' అంటేనే మందు."

తోకయ్య మొదటి బొరియలో దూరి "నేనే!" అన్నాడు. రెండోదానికి పరిగెత్తి "నేనే!" అన్నాడు. ఏడోదానికి నాలుక మూరెడు వేలాడింది, కాల్లో జానెడు తుమ్మముల్లు దిగింది.

"ముప్పై మూడు బొరియల్లో ఉలుకూ పలుకూ లేదు. ఏడింట్లోనూ ఒకటే రొప్పు," అన్నాయి గోరింకలు. "అయితే అందరూ ఒక్కడే!" అని గుబురమ్మ ఆ నలభైనీ వరుసలోంచి తీసేసింది.

చెవులక్క మాత్రం పిట్ట వాలకముందే "నేనే తల్లీ, నేనే!" అని ఏడ్చేసింది. రెప్పపాటులో నేలవేము వచ్చింది. పొద్దు వాలేసరికి పిల్ల అమ్మ మూతి నాకింది.

వాగు గట్టున తోకయ్య మూలుగుతున్నాడు. ఒక్క పిట్టా అతని కబురు మొయ్యలేదు. చెవులక్కే తన గోరింకని పంపింది. "పోనీలే, వాడికీ ఓ అమ్మ ఉండే ఉంటుంది."

"ఎవరట?" అంది గుబురమ్మ.

"నక్కేనట. ఒక్కడేనట. ఈసారి నిజంగా నొప్పేనట."

గుబురమ్మ నవ్వి, ముల్లు తీయడానికి జిల్లేడు పాలు కట్టింది. పక్కన ఓ చుక్క తేనె కూడా పెట్టింది.

నీతి: నీ పేరుతో ఒక్కసారి అడిగితే దొరికేది, పదిమంది పేర్లతో అడిగితే పోతుంది.

ఊఁ, నోరు తెరుచుకుని చూస్తావేం? వెళ్ళి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో చూసి రా!