జరుగులమ్మ మిట్ట ఎక్కిన మంగళవారం

విళంబి నామ సంవత్సరం, భాద్రపద శుద్ధ షష్ఠి, మంగళవారం, పగలు మూడు ఝాములైన వేళ జరుగులమ్మ తల్లి ఈ మిట్ట ఎక్కింది. అమ్మ వచ్చాకే ఊరు వచ్చింది. జరుగువలసకు ఈనాడు మూడు దిక్కులా చెరకు తోటలు, పడమట రెల్లుగెడ్డ అనే వాగు. ఒడ్డు కొరికే గుణం ఆ గెడ్డకు ఇంకా పోలేదు. గుడిలో అమ్మకు పీఠం లేదు. కుండ కింద పెట్టే గడ్డి కుదురు మీద జానెడు నల్లరాయిగా కూర్చుంటుంది. ఇదేమిటని కొత్త భక్తులు అడుగుతారు. అడగవలసిందే.

పూర్వం ఇక్కడ ఒక్క ఇల్లూ లేదు. ముప్పై గడపల ఊరు కింద, గెడ్డ ఒడ్డునే ఉండేది. ఊరిపెద్ద చినమ్మినాయుడు, ఆయన భార్య సన్నెమ్మ, వారి కొత్త కోడలు దాలమ్మ. వాన పట్టిన నాటినుంచి దాలమ్మకు కాలు నిలిచేది కాదు. రోజుకు పదిసార్లు ఒడ్డుకు పోయి చూసి వచ్చేది. నిన్న బట్టలుతికిన బండ నేడు నీళ్ళలో ఉండేది.

“ఏటే పిల్లా, ఒక్కచోట కూకోలేవా? కుదురు లేని కుండలాగ దొర్లుతన్నావు” అని అత్త దెప్పేది.

“నాను కూకుంటాను గాని అత్తా, గెడ్డ కూకోదు కదా.”

ఆదివారం మధ్యాహ్నం దాలమ్మ అత్త పక్కన చాప మీద నడుం వాల్చింది. కలత నిద్రలో “జరుగు” అని వినబడింది. అత్తే అంటోందనుకుని కాస్త జరిగింది. మళ్ళీ “జరుగు.” మళ్ళీ జరిగింది. కళ్ళు తెరిచేసరికి తాను గడప దగ్గరుంది. అత్త గోడవైపు తిరిగి గురక పెడుతోంది. సోమవారమూ అంతే. ఈసారి గొంతుతో పాటు ఒడ్డున ఉన్న ఊరమ్మ రాయీ కనబడింది.

మామతో చెప్పింది. ఆయన చేతులు జోడించి, “మంచి మాటే. మనం అనుకున్నది జరుగుద్దని తల్లి దీవెన” అన్నాడు.

“కాదు మావా. లెగమంటంది.”

“నిన్నగాక మొన్న వచ్చినావు. అమ్మ మాట నీకే తెలిసిందేటి?”

విన్నవాళ్ళంతా నవ్వారు. ముప్పై ఇళ్ళలో పసిపిల్లలున్నారు, మంచాన పడ్డ ముసలివాళ్ళున్నారు. ఒక్కరూ కదిలేలా లేరు.

మంగళవారం మధ్యాహ్నం దాటాక దాలమ్మ ఒడ్డు మట్టి పెళ్ళలుగా రాలుతున్న చప్పుడు విన్నది. తలమీద కుదురు పెట్టుకుంది. “తప్పో ఒప్పో నీదే భారం” అని మొక్కి, రాయిని తట్టలో పెట్టి నెత్తినెత్తుకుని మిట్టకేసి నడిచింది.

నాయుడి కోడలు అమ్మను ఎత్తుకుపోతోందని కేక పుట్టింది. మగవాళ్ళు కర్రలందుకున్నారు. అమ్మ లేని ఊళ్ళో బిడ్డల్ని వదలడానికి భయపడి ఆడవాళ్ళు చంకనేసుకుని వచ్చారు. ముసలివాళ్ళను మంచాలతోనే మోసుకొచ్చారు. గొడ్లు ఎలాగూ మిట్ట మీదే మేస్తున్నాయి.

నేల తడిగా ఉందని దాలమ్మ కుదురు కింద వేసి, దానిమీద అమ్మను దించింది. సన్నెమ్మ రొప్పుతూ వచ్చి చెయ్యెత్తింది. ఆ చెయ్యి దిగేలోగా కింద ఒడ్డు విరిగింది. తాటాకు కప్పులు ఒకదాని వెనుక ఒకటి గెడ్డలోకి జారిపోయాయి.

తరువాత రెండుసార్లు పీఠం కట్టారు, రెండుసార్లూ బీటలిచ్చింది. అందుకే అమ్మ కుదురు మీదే ఉంది. ఏటా షష్ఠినాడు పూజారి అమ్మను గెడ్డకు దూరంగా ఒక వడ్లగింజంత జరుపుతారు. ఊళ్ళో కొత్త ఇల్లు కట్టేవారు ఆ దిక్కునే కడతారు.

ఆ మర్నాడు ఉదయం, మిట్టమీది పశువుల కాపరుల పాకలో దొరికిన చోడిపిండితో, అంటే రాగిపిండితో, సన్నెమ్మ అంబలి కాచింది. ఆ ఇంట్లో కోడలు తాగేది అందరి తరువాతే. సన్నెమ్మ మొదటి లోటా దాలమ్మ చేతికిచ్చి, “చెప్పు, అమ్మ ఇంకేటంది” అని అడిగింది. చినమ్మినాయుడు భుజం మీది తువ్వాలు తీసి ఎదురుగా కూర్చున్నాడు. నేటికీ సప్తమి ఉదయం జరుగువలసలో ప్రతి ఇంటా మొదటి అంబలి చిన్నకోడలిదే. ఆమె చెప్పదలచింది చెప్పి ముగించేదాకా పెద్దలెవరూ లోటా ముట్టరు.